అరకు బండి ఎక్కేదాకా

కథల వర్క్‌షాపు నుంచి వచ్చి పది రోజులైంది. అక్కడ నాలుగు రోజులూ ఏం జరిగిందో రాయమని ఇద్దరు ముగ్గురు అడిగారు. దానికి ఇంకా టైం పడుతుంది. ఇప్పుడు రాస్తున్నది వెళ్ళడానికి ముందు గడిచిన మూడు నెలల పైచిలుకు గురించి. అప్లై చేసేటప్పుడు ఇవేవీ నాకు చెప్పినవాళ్ళు లేరు. ప్రకటన చూస్తే కథ పంపు, ఎంపికైతే రా, అంతే. ఆ రెండు ముక్కల మధ్య ఎంత చాకిరీ ఉందో దిగాక తెలిసింది.

ముందు నేనెవరో చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. చీరాల దగ్గర ఒక 33/11 కె.వి. సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ ఆపరేటర్‌ని. 33 వేల వోల్టుల కరెంటుని 11 వేలకి దించి ఊళ్ళకి పంపే చోటది. అలా పంపే ఒక్కో లైన్‌ని ఫీడర్ అంటాం. గంటకోసారి ఏ ఫీడర్ మీద ఎన్ని ఆంపియర్ల లోడుందో లాగ్ షీట్‌లో రాస్తాను. లైన్ మీద పనుంటే లైన్‌మన్‌కి ఎల్‌సీ ఇస్తాను. ఎల్‌సీ అంటే లైన్ క్లియర్. అక్కడ మనిషి స్తంభం ఎక్కేముందు ఇక్కడ నేను సరఫరా ఆపి, ఆపానని ఇచ్చే మాట. రాత్రి షిఫ్టులో రెండు రీడింగుల మధ్య కథలు రాసుకుంటాను. ఇప్పటికి రెండు అచ్చయ్యాయి. ఒకదానికి ఏడొందలు పంపారు, రెండోదానికి పత్రిక కాపీ పంపారు.

2023 సెప్టెంబరు 24, ఆదివారం. ఒక మిత్రుడు వాట్సాప్‌లో ప్రకటన పంపాడు. జనవరి 5 నుంచి 8 దాకా అరకులో, పన్నెండు మందికే చోటు. అచ్చుకాని కథ ఒకటి పంపాలి. రెండు వేల మాటలు దాటకూడదు. యూనికోడ్‌లో, అంటే ఏ ఫోన్లోనైనా కంప్యూటర్లోనైనా కనిపించే అక్షరాల్లో టైపు చేసిన వర్డ్ ఫైల్ అయితేనే తీసుకుంటారు. దాంతోపాటు 'నేనెందుకు రాస్తున్నాను' అని ఒక పేజీ. ఆఖరి తేదీ అక్టోబరు 15. ఎంపికైనవాళ్ళు మాత్రమే 4,500 రూపాయలు కట్టాలి, బస, భోజనం అందులోనే. మూడు వారాలు టైం ఉంది, కథ చేతిలో ఉంది, ఇంకేం అనుకున్నాను.

కథ చేతిరాతలో ఉంది. చీరాలలో డీటీపీ షాపుకి తీసుకెళ్ళి ఇచ్చాను. పేజీకి పాతిక చొప్పున పదకొండు పేజీలకి 275 రూపాయలు. నాలుగు రోజులు తిప్పి, పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చాడు. ఇంటికొచ్చి తెరిస్తే అది అను ఫాంట్‌లో ఉంది. పెళ్ళి శుభలేఖలూ కరపత్రాలూ కొట్టే షాపులన్నీ ఆ ఫాంట్‌లోనే కొడతాయి, యూనికోడ్ అంటే ఆ కుర్రాడు నా వంక అదోలా చూశాడు. కన్వర్టర్‌లో వేసి మారిస్తే ఒత్తులు ఒకచోట, అక్షరాలు ఒకచోట పడ్డాయి. ఇక ఫోన్లో నోటితో చెప్పి టైపు చేయించడం మొదలుపెట్టాను. నేను 'ఫీడర్ ట్రిప్పయింది' (దానంతటదే ఆగింది) అంటే అది 'ఫీడర్ తప్పయింది' అని కొట్టింది. ఒక్కోసారి అది కొట్టిందే బాగుందేమో అనిపించింది గానీ, ఐదు రాత్రులు పోయాయి. కథ పంపాలనుకునేవాళ్ళు దీనికి ఒక వారం విడిగా లెక్కేసుకోండి.

టైపయ్యాక మాటల లెక్క చూస్తే 3,140. నా కథ ఎంత పొడుగో నాకప్పటిదాకా తెలియదు. మూడు రోజుల్లో కోసి కోసి రెండు వేలకి తెచ్చాను. ఎలా కోశానంటే, అడిగితే చెప్పలేను. బస్సులో సీట్లు చాలనప్పుడు కండక్టర్ సర్దినట్టు సర్దాను.

ఇక ఆ ఒక్క పేజీ. కథకి వారం పడితే దానికి తొమ్మిది రోజులు పట్టింది. మొదట సమాజం, బాధ్యత, గొంతు లేనివాళ్ళ గొంతు అని రాశాను. మర్నాడు చదివితే సభలో దండలు వేశాక మాట్లాడేవాడి మాటల్లా ఉన్నాయి. చింపేశాను. తర్వాత చిన్నప్పుడు మా నాయనమ్మ చెప్పిన కథలని రాశాను. మా నాయనమ్మ నాకు ఒక్క కథా చెప్పలేదు, పొద్దస్తమానం మగ్గం పనిలోనే ఉండేది. అదీ చింపేశాను. చివరికి రాసిందిది: 'రాత్రి షిఫ్టులో నిద్ర రాకుండా ఉండటానికి మొదలుపెట్టాను. ఇప్పుడు పగటి షిఫ్టులో కూడా రాస్తున్నాను. ఎందుకో తెలియదు.' పేజీ అడిగితే మూడు వాక్యాలు. అక్టోబరు 15 రాత్రి పదకొండూ నలభైకి పంపాను. పంపాక ఫోన్లో ఊరికే ఓసారి తెరిచి చూస్తే, మొదటి పేజీలో సుబ్బారావైన మనిషి ఐదో పేజీలో సుబ్బయ్య అయ్యాడు.

అక్టోబరు 31కల్లా చెబుతామన్నారు. చెప్పలేదు. నవంబరు 5 దాకా రోజుకు నాలుగుసార్లు మెయిల్ చూసుకున్నాను. తర్వాత రెండుసార్లు. దీపావళి వచ్చేసరికి మానేశాను. ఇలాంటప్పుడు మనిషికి వచ్చే ఆలోచనలు బాగుండవు. ఎంపికయ్యేది వాళ్ళకి తెలిసినవాళ్ళేలే, మనకెవరున్నారు అని ఒక రోజు. సుబ్బారావు, సుబ్బయ్య వల్లే పోయిందని ఇంకో రోజు. ఫోన్ చేసి అడగొచ్చు, నంబరుంది. 'కాలేదండీ' అన్న మాట వినాల్సి వస్తుందని చెయ్యలేదు.

నవంబరు 18 శనివారం కరెంటు బిల్లు తాలూకు మెయిల్ ఏదో వెతుకుతూ స్పామ్‌లోకి వెళ్ళాను. అక్కడుంది. నవంబరు 14న పంపారు. 'మీ కథ ఎంపికైంది, ఐదు రోజుల్లో ఒప్పుకుంటూ జవాబివ్వండి, లేకపోతే తర్వాతివారికి అవకాశం ఇస్తాం.' ఇంకొక్క రోజే ఉంది. ఆ మెయిల్ పైన లాటరీ తగిలిందన్న మెయిలు, కింద లోనిస్తామన్న మెయిలు. చేతులు వణికాయంటే నమ్మండి. స్పామ్ చూసుకోండి అన్న మాట ఎవరూ చెప్పరు, నేను చెబుతున్నాను.

ఇంట్లో చెప్పాను. మా ఆవిడ పప్పులో తాలింపు వేస్తూ విన్నది.

"నాలుగు రోజులు కథలు నేర్పుతారా?"

"ఆఁ."

"మీకు కొత్తగా నేర్పేదేముంది, రోజూ నాకు చెప్పేవి కథలే కదా."

నవ్వింది గానీ, డబ్బు సంగతి అడిగినప్పుడు నవ్వలేదు. 4,500 ఎందుకు కట్టాలి, వాళ్ళేమైనా ఉద్యోగం ఇస్తారా, సర్టిఫికెట్ ఇస్తారా, ప్రమోషన్‌కి పనికొస్తుందా. ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు. పండగ నెల. పాపకి గాగ్రా కొంటానని మాటిచ్చాం. అవతల వర్క్‌షాపు పెట్టేవాళ్ళకీ అది పెద్ద మొత్తం కాదు, నాలుగు రోజుల తిండికీ గదులకీ సరిపోతుందంతే. అదీ తెలుసు. అయినా ఫోన్‌పేలో ఆ అంకె కొట్టేటప్పుడు ఏదో తప్పు చేస్తున్నట్టే అనిపించింది. నవంబరు 19న కట్టేశాను. మూడో రోజు తనే "పాపకి పండక్కి పాత గాగ్రా సరిపోతుందిలే, కుట్టు విప్పి పొడుగు చేయిస్తా" అంది. అలా అన్నాక ఇంకా కష్టంగా ఉంది.

సెలవు. మాకు సెలవంటే కాగితం పెట్టి వెళ్ళిపోవడం కాదు. సబ్‌స్టేషన్ ఖాళీగా ఉండకూడదు కాబట్టి నా షిఫ్టులో ఇంకొకడు కూర్చోవాలి. మేం నలుగురం. జనవరి మొదటివారం అంటే సంక్రాంతికి ముందు వారం, అందరూ పండక్కి సెలవులు దాచుకుంటారు. ఇద్దరితో బేరం కుదిరింది. ఒకాయనకి భోగి, సంక్రాంతి రెండు రాత్రులూ నేను చెయ్యాలి. రెండో ఆయనకి వాళ్ళ బావమరిది పెళ్ళికి మూడు రాత్రులు. నాలుగు రోజుల కథలకి ఐదు రాత్రుల నిద్ర. ఆఫీసులో సార్‌కి అసలు కారణం చెప్పాలా వద్దా అని వారం ఆలోచించాను. అరకు టూర్ అంటే సులువు, అందరూ వెళ్తారు. చివరికి నిజమే చెప్పాను. ఆయన నా మొహం చూసి, "కథలా? మా మీద ఏమీ రాయట్లేదు కదా?" అన్నారు. సంతకం పెట్టారు.

నవంబరు 27న అసలు పని వచ్చింది. మిగతా పదకొండుమంది కథలు ఒకే పీడీఎఫ్‌గా పంపారు. పేర్లు తీసేసి నంబర్లు వేశారు. నాది ఏడో నంబరు. ఒక్కో కథకీ ఒక పేజీ మనం రాసి డిసెంబరు 10లోగా పంపాలి. నియమం ఒకటే: బాగుంది, బాగోలేదు అని రాయకూడదు. ఎక్కడ ఆగిపోయారో, ఎక్కడ వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివారో, ఎక్కడ దాటేశారో అది రాయాలి. ఇవి కాక, కథానిలయం సైటు నుంచి మీకు నచ్చిన పాత కథలు ఐదు చదివి రమ్మన్నారు. శ్రీకాకుళంలో కథకుడు కాళీపట్నం రామారావు, అందరూ కారా మాస్టారు అనే ఆయన, 1997లో పెట్టిన గ్రంథాలయం అది. పాత పత్రికల్లోని కథలు స్కాన్ చేసి సైట్లో పెట్టారు.

ఫోన్లో ఆ స్కాన్ పేజీలు చదివిన మూడో రోజుకి తలపోటు మొదలైంది. అరవై ఏళ్ళనాటి అచ్చు, అక్షరాలు చీమల్లా ఉన్నాయి. కళ్ళ డాక్టరు దగ్గరికెళ్తే దగ్గరి చూపు ఎప్పుడో పోయిందన్నాడు. కళ్ళజోడుకి 1,850. ఇన్నాళ్ళూ లాగ్ షీట్‌లో గళ్ళు చిన్నవి చేశారనుకుంటున్నాను. పదకొండు కథలూ చదువుకోవడానికి వీలుగా జెరాక్స్ తీయించాను. 92 పేజీలు, పేజీకి రెండు రూపాయలు, స్పైరల్ బైండింగ్‌కి నలభై. బైండింగ్‌కి ఆశపడకుండా విడి కాగితాలే ఉంచుకుని ఉంటే తర్వాత ఇబ్బంది తప్పేది.

ఒక కథ చదవడానికి ఇరవై నిమిషాలు. దాని మీద పేజీ రాయడానికి మొదట్లో ఒక రాత్రి పట్టేది. బాగుంది అన్న మాట లేకపోతే నాకు చెప్పడానికి ఇంకేమీ లేదని అప్పుడు తెలిసింది. ఇరవై ఏళ్ళుగా చదువుతున్నాను, చదివిన ప్రతిదాని గురించీ నాకున్నది రెండు మాటలే. ఒకటో కథకి రాసిన పేజీ తీసి చూస్తే సగం ఆ కథనే తిరిగి చెప్పాను, మిగతా సగం నేనైతే ఎలా రాసేవాణ్ణో రాశాను. మూడో కథ దగ్గర పెన్సిల్ పట్టుకున్నాను. చదువుతూ మనసు ఎటో వెళ్ళిన చోట అడ్డగీత, మళ్ళీ చదివిన చోట సున్నా. నా కంట్రోల్ రూమ్‌లో చేసే పనే ఇదీ. ఫాల్ట్ ఎందుకు పడిందో తర్వాత, ముందు ఎక్కడ పడిందో రాయి. ఆ తర్వాత కాస్త దారిన పడ్డాను.

నాలుగో కథ మీద మాత్రం కోపమొచ్చింది. చిట్టీల పేరుతో మోసపోయిన ఒక అత్తగారి కథ. రాసినవాళ్ళకి అత్తగారంటే ఎంత చులకనో అని రెండు పేజీలు వాయించేశాను. రాసి పడుకుంటే సుఖంగా నిద్ర పట్టింది. దాని సంగతి తర్వాత.

డిసెంబరు 4 ఉదయం షిఫ్టుకి వెళ్ళాను. మధ్యాహ్నం రెండింటికి రావలసిన ఆపరేటర్ రాలేదు, రాలేడు. తుఫాను. దాని పేరెలా పలకాలో కూడా ఎవరికీ తేలలేదు, ఒక పేపర్లో మిగ్‌జాం, ఒక టీవీలో మిచాంగ్. 5వ తేదీ మధ్యాహ్నం అది బాపట్ల దగ్గరే తీరం దాటింది, అంటే మా నెత్తి మీద. ఫీడర్లు ఒకదాని తర్వాత ఒకటి పోయాయి. ఇంకాసేపటికి 33 కె.వి. సరఫరా కూడా పోయింది. అప్పుడు సబ్‌స్టేషన్‌లో ఉండే నిశ్శబ్దం మీకు చెప్పలేను. ట్రాన్స్‌ఫార్మర్ రొద మాకు ఇరవై నాలుగ్గంటలూ చెవిలో ఉంటుంది. అది ఆగితే ఎవరో పక్కనుంచి లేచి వెళ్ళిపోయినట్టుంటుంది. బయట గాలి, లోపల బ్యాటరీ మీద వెలిగే ఒక్క బల్బు. 7వ తేదీ దాకా ఇంటికి వెళ్ళలేదు. కోతకొచ్చిన వరి నీళ్ళలో మునిగింది, స్తంభాలు పడిపోయాయి, ఎవరు ఫోన్ చేసినా ఒకటే ప్రశ్న, కరెంటెప్పుడొస్తుంది.

కథల పుస్తకం నా రెగ్జిన్ బ్యాగులో ఉంది. బ్యాగు కిటికీ కింద ఉంది. చూసేసరికి తడిసి ముద్దయింది. జెరాక్స్ అక్షరాలు చెరగలేదు గానీ పేజీలు అతుక్కుపోయాయి, స్పైరల్ ఉండటం వల్ల విడదీసి ఆరబెట్టడానికీ లేదు. చివరికి కటింగ్ ప్లేయర్‌తో ఆ తీగ కత్తిరించి, 92 కాగితాలూ కుర్చీల మీదా, బల్ల మీదా, కిటికీ ఊచల్లోనూ పెట్టాను. అన్నం పట్టుకొచ్చిన హెల్పర్ కుర్రాడు గుమ్మంలో ఆగిపోయి, "ఏంటన్నా, పరీక్షలా?" అన్నాడు.

6వ తేదీ రాత్రి చేసేదేమీ లేక వాటిని తిరిగి వరసలో పెడుతూ నాలుగో కథ మళ్ళీ చదివాను. ఈసారి అత్తగారు చులకనగా కనిపించలేదు. ఆమె దాచుకున్న డబ్బు ఎంతో చివరిదాకా కోడలికి చెప్పదు, మొదటిసారి అది మొండితనం అనుకున్నాను. ఇప్పుడది భయం. కథ మారలేదు, మూడు రోజులుగా 'కరెంటెప్పుడు' అని అడిగేవాళ్ళకి తెలియకపోయినా 'ఇదిగో, రాత్రికి' అని చెబుతున్నది నేనే. రెండు పేజీలూ కొట్టేసి అర పేజీ రాశాను. పంపకముందే తుఫాను రావడం నా అదృష్టం. ఇలా అనకూడదు, పొలాలు పోయినవాళ్ళున్నారు. కానీ అలాగే జరిగింది.

గడువు 10. ఆరు కథలు మిగిలాయి. 8న భయపడుతూ నిర్వాహకురాలికి ఫోన్ చేశాను. నేను సంగతి చెప్పేలోపే ఆవిడ, "మీరు బాపట్ల వైపే కదండీ, ముందు మీ ఇల్లు ఎలా ఉంది?" అన్నారు. వారం ఇచ్చారు. 16న పంపాను. ఫోన్ చేసి అడగడం ఇంత తేలికైతే నవంబరులో ఎందుకు చెయ్యలేదో నాకే తెలియదు.

డిసెంబరు 22న నా కథ మీద జవాబొచ్చింది. మిగతావాళ్ళు రాసిన పేజీలు కాదు, అవి అక్కడే చేతికిస్తారట. వర్క్‌షాపు నడిపే ఆయన నాలుగు వాక్యాలు రాశారు. అందులో రెండు నాకు కంఠతా వచ్చు: 'ఈ కథని ఒక్కసారి ఎవరికైనా పైకి చదివి వినిపించండి. తర్వాత నాలుగొందల మాటలు తీసేసి తీసుకురండి.' ఇప్పటికే పదకొండొందలు తీశాను మహానుభావా అనుకున్నాను.

ఎవరికి చదవాలి? మా ఆవిడకి చదివితే బాగుందంటుంది, కాసేపాగి పాలవాడికి ఇవ్వాల్సిన డబ్బు గుర్తుచేస్తుంది. పాప చిన్నది. మిత్రులకి చదవడానికి మొహమాటం. డిసెంబరు 27 రాత్రి ఒక ఫాల్ట్ సరిచేసి లైన్‌మన్ బాబాయ్ ఒంటిగంటన్నరకి కంట్రోల్ రూమ్‌కి వచ్చాడు. ఇంకో రెండేళ్ళలో రిటైరవుతాడు. ఎల్‌సీ బుక్కులో సంతకం పెట్టి, టీ తాగి, తెల్లారేదాకా ఇక్కడే నడుం వాలుస్తానన్నాడు.

"బాబాయ్, ఒక కథ చదువుతా, వింటావా?"

"చదువు. నిద్రపోతే లేపకు."

కథ ఒక ఆపరేటర్‌ది. లైన్‌మన్ ఎల్‌సీ వెనక్కి ఇవ్వకముందే పొరపాటున ఫీడర్ చార్జ్ చేస్తాడు, అంటే కరెంటు వదులుతాడు. స్తంభం మీద మనిషి ఉంటాడు. మొదటి పేరాలో ఆకాశం, మబ్బులు, వెన్నెల తీగల మీద ఎలా జారుతోందో, అదంతా ఉంది. నాకు చాలా ఇష్టమైన పేరా. చదువుతూ ఓరగా చూస్తే బాబాయ్ కళ్ళు మూతలు పడ్డాయి. అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టాను. 'ఎల్‌సీ ఎవరు తీసుకున్నారు?' అని ఒక పాత్ర అడిగేచోట కళ్ళు తెరిచాడు. అక్కడ సున్నా. ఆపరేటర్ తన బాల్యం తలుచుకునే చోట మళ్ళీ మూశాడు. గీత. రెండింటికి లేచి రీడింగులు రాసుకొచ్చాను, మళ్ళీ మొదలుపెట్టాను. చివరి పేజీకి పూర్తిగా లేచి కూర్చున్నాడు.

అయిపోయాక చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "డిశ్చార్జ్ రాడ్ వెయ్యలేదా వాడు?" అన్నాడు.

నాకు గొంతు తడారిపోయింది. సరఫరా ఆపినా, పని మొదలుపెట్టేముందు లైన్‌మన్ డిశ్చార్జ్ రాడ్‌తో తీగలని ఎర్త్ చేసుకోవాలి, అంటే భూమికి కలపాలి. అది వేసుంటే ఆపరేటర్ పొరపాటు చేసినా బ్రేకర్ ట్రిప్పయ్యేది, మనిషి దక్కేవాడు. పదిహేనేళ్ళుగా ఈ పని చేస్తున్నాను, నా కథలో అది రాయలేదు. మర్చిపోయి కాదు. అది రాస్తే తప్పు ఇద్దరికీ పంచుకోవాల్సి వస్తుంది, ఏడుపు చిక్కగా రాదు. అందుకని దాటేశాను. బెల్టు, గ్లౌజులు, టార్చి అన్నీ ఉన్నాయి కథలో, రాడ్ ఒక్కటి లేదు.

"రాడ్ ఉంటుంది బండి మీద," అన్నాడు బాబాయ్. "ఒక్క జంపర్ తీగ కదా, రెండు నిమిషాల పని కదా అని దింపరు. నేనూ దింపలేదు చాలాసార్లు." అటు తిరిగి పడుకున్నాడు. నిద్రపోలేదని నాకు తెలుసు.

మర్నాటి నుంచి ఆరు రోజులు రాడ్ బండి మీదే ఉండిపోయిన సంగతి కథలోకి తేవడానికి సరిపోయాయి. గీత పెట్టిన చోట్లన్నీ తీసేశాను, ఆకాశంతో సహా. లెక్క చూస్తే 1,590. ఆయన నాలుగొందలన్నారు, నావి నాలుగొందల పది పోయాయి.

ఇక ప్రయాణం. టిక్కెట్టు నవంబరు 20నే తీసుకున్నా వెయిటింగ్ లిస్టు 14 వచ్చింది. అది తగ్గుతూ తగ్గుతూ 3 దగ్గర ఆగిపోయింది. ముందురోజు తత్కాల్‌లో తీశాను. రానూపోనూ, అరకు పాసింజర్‌తో కలిపి ఏడొందల దాకా అయింది. చలి గురించి పంపిన మెయిల్‌లో 'రాత్రిళ్ళు బాగా చలి, దుప్పట్లు మేమిస్తాం, స్వెటర్ మీరే తెచ్చుకోండి' అని ఉంది. మా తీరం మనిషికి బాగా చలి అంటే ఎంతో అంచనా ఉండదు. మా ఊళ్ళో స్వెటరనేది పసిపిల్లలకీ, ఆస్తమా ఉన్నవాళ్ళకీ. చీరాల రోడ్డు మీద చలికాలం వచ్చి అమ్ముకునేవాళ్ళ దగ్గర 650కి ఒకటి కొన్నాను. అరకు సముద్రానికి మూడు వేల అడుగుల ఎత్తు. ఆ స్వెటర్ మీద మా ఆవిడ పెట్టిన శాలువా కూడా వేసుకున్నానని తర్వాత చెప్పాల్సొచ్చింది, నవ్వింది.

సంచిలో ఏం పెట్టుకోవాలో నాలుగు మాటల్లో చెబుతాను. కథ మూడు కాపీలు ప్రింట్ తీసుకెళ్ళండి, అక్కడ జెరాక్స్ దొరుకుతుందని నమ్ముకోవద్దు. పెన్సిళ్ళు. రోజూ వేసుకునే మందులుంటే రెండు రోజులవి ఎక్కువ. గదికి ముగ్గురు కాబట్టి గురక పెట్టేవాళ్ళయితే ముందే చెప్పేయండి, నేను చెప్పాను, ఇంకో గురక మనిషితో కలిపి వేశారు. మా అమ్మ కొండ నీళ్ళు పడవని వామూ, శొంఠీ పొట్లాలు కట్టిచ్చింది. వామే అన్నిటికంటే ఎక్కువమందికి ఉపయోగపడింది.

మొత్తం ఖర్చు రాసుకున్నాను: ఫీజు, డీటీపీ, కళ్ళజోడు, జెరాక్స్, స్వెటర్, టిక్కెట్లు, దారిలో తిండి, అన్నీ కలిపి తొమ్మిది వేలకి కాస్త తక్కువ. కళ్ళజోడు ఎలాగూ కొనాల్సిందే అని మా ఆవిడ ఆ లెక్కలోంచి తీసేసింది.

జనవరి 4, గురువారం. మధ్యాహ్నం చీరాలలో ఎక్కితే రాత్రి పదకొండు దాటాక విశాఖలో దిగాను. అరకు వెళ్ళే కిరండోల్ పాసింజర్ తెల్లారి ఏడు కాకముందే వెళ్ళిపోతుంది. ఆ కొన్ని గంటలకి లాడ్జి ఎందుకని వెయిటింగ్ హాల్లో కూర్చున్నాను. నిద్ర పట్టలేదు. వెళ్ళకుండా ఉంటే ఎలా ఉంటుందని ఆలోచించాను. నిజంగానే. పదకొండుమంది నా కథ చదివేశారు, నా మీద పదకొండు పేజీలు రాసిపెట్టారు, నేను వాళ్ళెవరినీ చూడలేదు. నా నాలుగో కథ పేజీలా ఎవరైనా నన్నూ వాయించి ఉంటే? వాళ్ళకి మధ్యలో తుఫాను రాలేదు కదా. మూడున్నరకి మా సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేశాను. నా బదులు డ్యూటీలో ఉన్నాయన ఏమైందని కంగారుపడ్డాడు. ఏం లేదు, లోడెంతుంది అన్నాను. చెప్పాడు. కాస్త స్థిమితపడ్డాను.

బండి జనరల్ పెట్టె నిండా జనం, పిల్లల్ని వెంటేసుకుని వచ్చినవాళ్ళే ఎక్కువ. శృంగవరపుకోట దాటాక ఎక్కడం మొదలైంది. ఈ లైన్ మీద మొత్తం యాభై ఎనిమిది సొరంగాలంటారు. ఒక్కో సొరంగంలోకి బండి దూరగానే కుర్రాళ్ళు ఈలలు, కేకలు. నేను మొదట్లో లెక్కపెట్టాను, పంతొమ్మిది దగ్గర తప్పాను.

ఎదురుగా కిటికీ పక్కన ఒకావిడ కూర్చుంది. అరవై దాటి ఉంటాయి, తెల్ల నూలు చీర, మెడకి గొలుసుతో కళ్ళజోడు. అందరూ బయట లోయ చూస్తుంటే ఆవిడ ఒళ్ళో కాగితాలు చూస్తోంది. విడి కాగితాలు, క్లిప్పు పెట్టినవి. మార్జిన్లో పెన్సిల్ రాత. పేజీ పైన నడిమధ్యలో పెద్దగా 7 అని ఉంది.

నా గుండె ఎంత వేగంగా కొట్టుకుందో ఆ కేకల్లో ఎవరికీ వినిపించలేదు. కొంతసేపు బొర్రా గుహలు ఎంతసేపట్లో వస్తాయని పక్కాయన్ని అడిగాను. మంచినీళ్ళు తాగాను. ఇక ఆగలేక,

"ఏంటమ్మా అది, కథా?" అన్నాను.

"ఆఁ, బాబూ."

"ఎలా ఉంది?"

తలెత్తలేదు. "ఒకసారి చదివి రాసి పంపేశాను. మళ్ళీ చదువుతున్నా. ఉండు."

అప్పుడే బండి సొరంగంలోకి వెళ్ళింది. పొడుగు సొరంగం. పెట్టెలో దీపాలు లేవు, కేకలు చెవులు దిమ్మెక్కించాయి. ఆ చీకట్లో ఆవిడ తడుముకుని ఫోన్లో టార్చి వేసి, కాగితం దగ్గరికి పెట్టుకుంది. ఆవిడ చేతిలో ఉన్నది పాత ప్రతి, ఆకాశం ఉన్నది, రాడ్ లేనిది. నేను ముందుకి వంగి, ఏ వాక్యం దగ్గర కళ్ళు మూతలు పడతాయా అని ఆవిడ మొహమే చూస్తూ కూర్చున్నాను.